కారణము తెలియని పక్షవాతము – కంఠధమనిలోని పూడిక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘమువారు నన్ను మాటలాడుమని కోరినపుడు, నేను భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో ప్రసంగింతునని అందరు తలంచిరి. నేనును మొదట అట్లే తలంచితిని. నేను కళాశాలలో చదివినవాడను కాను. పగలు సహకార సంఘములో చిట్టా ఆవర్జాలు వ్రాసికొనుచు, సాయంకాలము ఈ బల్లకడ కూర్చుండి, అర్థము కాని పద్యమునకు నిఘంటువును, నిఘంటువు చాలనిచోట పెద్దలను ఆశ్రయించి నాలుగక్షరములు నేర్చుకొన్నవాడను. కాని నేడు పద్యముల జోలికి పోను. ఒక వ్యాధిని గూర్చి, అందులోను ఒక చిన్న చిక్కును గూర్చి చెప్పదలచితిని. నేను వైద్యుడను కాను. తెలిసినవారిని అడిగి, వ్రాసికొని, మరల వారికే చూపి సరిచూచుకొన్న సంగతులనే మీ ముందుంచుదును. లెక్క వ్రాయువానికి ఆ అలవాటు ఒకటి ఉండును గదా.

మా అన్నగారిని మీరందరు ఎరుగుదురు. శనివారము సాయంకాలములందు ఈ గ్రంథాలయపు అరుగుపై పోతనగారి భాగవతము చదివి అర్థము చెప్పుచుండిన వారాయన. నాలుగేండ్ల క్రిందటి మాట. అప్పటి కాయనకు అరువది మూడేండ్లు. రక్తపోటున్నదని వైద్యులు బిళ్ళలు వ్రాసియిచ్చిరి. తల నొచ్చిననాడు వేసికొనుట, నొవ్వనినాడు మానుట ఆయన పద్ధతి. చుట్ట మానలేదు. ఒకనాటి ఉదయము ఇచ్చటనే పత్రిక చదువుచుండగ ఎడమకంటికి పైనుండి నల్లని తెర జారినట్లయ్యెనట. నాలుగైదు నిమిషములలో ఆ తెర తొలగెను. ‘కళ్ళజోడు మార్చాలిరా తమ్ముడూ’ అని ఆయన నవ్విరి. నేనును నవ్వితిని.

మూడు వారములు గడచెను. ఒకనాడు తెల్లవారుజామున అయిదు గంటలకు, పశువులకు గడ్డి వేయుచుండగ ఆయన కుడిచేతిలోని మోపు జారి పడెను. మూతి ఒక ప్రక్కకు వంగెను. నీళ్ళడుగబోయి మరేదియో మాట అనిరి; అది తప్పని ఆయనకే తెలిసినది, కాని సరియైన మాట రాలేదు. పైత్యమనుకొని వదినగారు మజ్జిగ పట్టించిరి. పక్షవాతమునకు పసరుమందు పోయు ఊరొకటి ముప్పది కిలోమీటర్లలో ఉన్నదని ఎవరో చెప్పిరి. కారు మాటలాడి ఆయన నచ్చటికి తీసికొనిపోయినవాడను నేనే. అచ్చట మాకంటె ముందు వచ్చినవారు చాలమంది ఉండగ వరుసలో కూర్చుంటిమి. అచ్చటినుండి పట్టణములోని ఆసుపత్రికి చేరునప్పటికి పగలు పండ్రెండు గంటలయ్యెను.

గడ్డకట్టిన రక్తమును కరగించు మందును, సామాన్యముగ, వ్యాధి తగిలిన నాలుగున్నర గంటలలోపల నరములోని కెక్కించుట మొదలుపెట్టవలెనట. మేము ఏడు గంటలకు చేరితిమి. మెదడులోని పెద్ద నాళము మూసికొన్నపుడు నిమిషమునకు సగటున 19 లక్షల నాడీకణములు నశించునని ఒక శాస్త్రజ్ఞుడు 2006లో లెక్క కట్టెను. ఏడు గంటలకు ఎన్ని నిమిషములో, ఎన్ని కోట్లో మీరు లెక్కించుకొనవచ్చును. నేను ఒకసారి లెక్కించితిని, రెండవసారి లెక్కింపలేదు. ఆ పద్దు నా పేరనే ఉన్నది.

వైద్యులు చేయవలసినదంతయు చేసిరి. తలను యంత్రముతో పరీక్షించి, రక్తస్రావము కాదు, నాళము మూసికొనుటయే అనిరి. గుండెను చూచిరి, దాని లయ సరిగనే ఉన్నది. మెడలోని నాళములను చూచిరి. ఎడమవైపు నాళములో నూటికి నలుబది పాళ్ళ ఇరుకు ఉన్నది, అది సగమునకు లోపు గనుక దానిని కారణముగ లెక్కింపలేమనిరి. పదిదినములకు ఇంటికి పంపునపుడు ఇచ్చిన కాగితముపై ‘కారణము నిర్ధారణ కాలేదు’ అని వ్రాసియుండెను. ఆ మాటయే నన్ను పట్టుకొన్నది. లెక్కలలో మూలము తెలియని సొమ్ము వచ్చినచో దానిని అనామతు పద్దున వ్రాయుదుము. అనామతున వ్రాసితిమన్న దాని అర్థము, ఆ సొమ్ము ఎచ్చటినుండియు రాలేదని కాదు. వచ్చిన చోటు మనకు చిక్కలేదని మాత్రమే. ఆడిటరు వచ్చి మొదట అడుగునది ఆ పద్దునే.

నాళము మూసికొనుటచే వచ్చు పక్షవాతములలో సుమారు నాలుగవ వంతు ఈ అనామతు పద్దుననే ఉన్నవని తెలిసినపుడు నాకు ఆశ్చర్యము కలిగెను. ఆ పద్దులో కొంత మెడలోని పూడికకే చెందునని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. అది ఎట్లో వివరించుటయే ఈ ప్రసంగమునకు పని.

మెదడు మన శరీరపు బరువులో నూటికి రెండుపాళ్ళు. కాని మనము పీల్చు ప్రాణవాయువులో అయిదవ వంతు దానికే కావలెను. దానికి నెత్తురు పారించు పెద్ద కాలువలు నాలుగు. వెన్నుపూసల వెంట రెండు వెనుకనుండి పోవును. ముందువైపు మెడకు కుడి యెడమల రెండు పోవును. దవడ క్రింద, గొంతునకు ప్రక్కగ, ఒక వైపున వ్రేలు మెల్లగ ఉంచినచో కొట్టుకొనునది ఇదియే. దీనిని వైద్యులు కెరోటిడ్ ధమని అందురు. మనము కంఠధమని అందము. ఇది దవడ క్రిందనే రెండుగ చీలును. ఒక పాయ ముఖమునకు, రెండవది కంటికిని మెదడునకును పోవును. మెదడులో ఎడమభాగము శరీరపు కుడిభాగము నేలును. చాలమందిలో మాటకు చోటు కూడ ఆ ఎడమభాగమే. అన్నగారికి ఎడమకన్ను చీకటియగుట, పిమ్మట కుడిచేయి పడుట, మాట పోవుట, ఈ మూడును ఒకే కాలువ క్రింది పొలములని అప్పుడు నాకు తెలిసెను.

కెరోటిడ్ అను పేరు గ్రీకు భాషలో మగతనుబట్టి వచ్చినది. ఆ నాళములను ఒత్తినచో మనుష్యుడు స్పృహ తప్పునని పూర్వులెరుగుదురు. మన సుశ్రుతుడును శారీరస్థానములో గొంతునకు ఇరువైపుల నీల, మన్య అను పేళ్ళుగల ధమనులను చెప్పి, వానికి దెబ్బ తగిలినచో మూగతనము, కంఠస్వరము మారుట, రుచి తెలియకుండుట కలుగునని చెప్పెను. దీనినిబట్టి పూర్వులకు సర్వము తెలియునని నేను వాదింపబోను. వారు దెబ్బను గూర్చి చెప్పిరి, పూడికను గూర్చి కాదు. ఐనను మెడకును మాటకును సంబంధమున్నదని గుర్తించిన ఆ చూపునకు నమస్కరింపవలె.

పాశ్చాత్య దేశములలో 1658లో స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్, మృతుల దేహములను పరీక్షించి, మెదడులో రక్తస్రావమువలన ఈ వ్యాధి వచ్చునని చూపెను. మెదడునకు పోవు నాళములు మూసికొన్నను వచ్చునని ఊహించెను. 1664లో ఆంగ్లేయుడు విల్లిస్, ఈ నాలుగు కాలువలు మెదడు అడుగున ఒక చక్రముగ కలియునని వర్ణించెను. కాని మెడకు తగిన శ్రద్ధ రావడానికి ఇంకను మూడు వందల యేండ్లు పట్టెను. కెనడా దేశములో మిల్లర్ ఫిషర్ అను వైద్యుడు, పక్షవాతమునకు ముందు ఒక కన్ను కొన్ని నిమిషములు చీకటియైనదని చెప్పిన రోగుల మాటలు శ్రద్ధగ వినెను. శవపరీక్షలలో మెదడును చూచుటతో ఆగక మెడనుగూడ విప్పి చూచెను. అచ్చట కంఠధమని మూసికొని యుండెను. 1951లో ఆయన ఆ సంగతి ప్రకటించెను. మూల కారణము మెడలో ఉండగ అందరును తలలో వెదకుచున్నారని దాని సారాంశము. మా అన్నగారు తెర జారినదని చెప్పిననాడు నేను నవ్వితినని చెప్పితిని గదా. ఫిషరు నవ్వలేదు, అంతియే భేదము.

ఇక పూడిక. కాలువ చీలుచోట నీరు సుడి తిరుగును, ఒండ్రు నిలుచును. ఇది మన రైతులకు చెప్పనక్కరలేదు. కంఠధమని చీలుచోటను అట్లే జరుగును. రక్తపోటు, పొగాకు, మధుమేహము, నెత్తుటిలో చెడ్డ కొవ్వు, వయస్సు, ఇవి చేరి నాళపు గోడను దెబ్బతీయును. ఆ గోడలోనికి కొవ్వు చేరును. వైద్యులు ప్లాక్ అనునది ఇదియే. కాని కాలువ అడుగున పేరు ఒండ్రువంటిది కాదిది. గోడలోపలనే పెరుగు సెగగడ్డవంటిది. లోపల మెత్తని కొవ్వు, పైన పలుచని పొర. కొన్నిమార్లు అది లోపలికి పెరిగి దారిని ఇరుకు చేయును. కొన్నిమార్లు బయటివైపునకు పెరుగును. అప్పుడు గోడ దళమెక్కినను దారి ఇంచుమించు వెడల్పుగనే ఉండును. పైపొర చిట్లినచో అచ్చట నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డలోని తునకయొకటి ప్రవాహమున కొట్టుకొనిపోయి మెదడులోని సన్నని నాళములో చిక్కుకొనును.

ఒక ఉదాహరణము చెప్పుదును. పెద్దకాలువ గట్టునుండి ఒక మట్టిపెళ్ళ విరిగి నీట పడి, దొర్లుకొనుచు పోయి, దూరముననున్న ఒక పొలము తూమునకు అడ్డుపడినదనుకొనుడు. ఆ పొలము ఎండిపోవును. రైతు పెద్దకాలువకడకు వచ్చి చూచును. నీరు నిండుగ పారుచున్నది. ‘కాలువలో లోపము లేదు, కారణము తెలియదు’ అనుకొని తిరిగిపోవును. ఆతడు చూడవలసినది నీరు పారుచున్నదా యని కాదు. గట్టు ఎక్కడనైన విరిగినదా యని. పారుదలను కొలుచుట ఒకటి, గట్టును పరీక్షించుట వేరొకటి. ఈ భేదమే నేను చెప్పదలచిన విషయమునకు ఆయువుపట్టు.

మరి వైద్యులు వెడల్పునే ఎందుకు కొలిచిరి? అందులకు గట్టి ఆధారమే ఉన్నది. పూడికను శస్త్రచికిత్సచే తీయుట 1953, 54 సంవత్సరములలో అమెరికాలోను ఇంగ్లండులోను మొదలయ్యెను. అది ఎవరికి మేలుచేయునో తేలుటకు చాలకాలము పట్టెను. 1991లో ఉత్తర అమెరికా పరీక్ష యొకటి ఫలితములు ప్రకటించెను. ఇదివరకే లక్షణములు కనబడి, నాళము నూటికి డెబ్బది పాళ్ళు, అంతకు మించి ఇరుకైనవారిలో, మందులు మాత్రమే వాడినచో రెండేండ్లలో నూటికి 26 మందికి అదే వైపు పక్షవాతము వచ్చెను. శస్త్రచికిత్స చేసినవారిలో 9 మందికి మాత్రమే వచ్చెను. ఇరుకు తక్కువైనకొలది ఆ లాభము తగ్గెను. ఆ తరువాత 1993లో పక్షవాతములకు కారణములనుబట్టి పద్దులు ఏర్పరచిరి. అందులో పెద్ద నాళముల పద్దున వ్రాయవలెనన్న ఇరుకు సగమైన ఉండవలెనని నియమము పెట్టిరి. అంతకు లోపైనవి, వేరు కారణము దొరకనిచో, తెలియనివాని పద్దునకే పోయెను.

ఆ నియమము తప్పని నేను అనను. పద్దునకు హద్దు లేనిచో లెక్క సాగదు. కాని హద్దు మనము పెట్టుకొన్నదని మరువరాదు. శస్త్రచికిత్స ఎవరికి చేయవలెనో తేల్చు కొలమానము ఒకటి. వ్యాధి ఎచ్చటినుండి వచ్చెనో తేల్చు కొలమానము వేరొకటి. మొదటిదానితో రెండవపని చేయబోయినచో కొన్ని పద్దులు తారుమారగుట సహజము.

ఇప్పుడు గట్టును పరీక్షించు యంత్రములు వచ్చినవి. ఎం.ఆర్.ఐ. యంత్రముతో మెడలోని నాళపు గోడను చూచి, పూడికలో నెత్తురు ఇంకినదా, పైపొర చిట్లినదా, గడ్డ అంటుకొనియున్నదా యని తెలిసికొనవచ్చును. జర్మనీలోని మ్యూనిక్ నగర వైద్యులు 2012లో ఒక పరిశీలనను ప్రకటించిరి. కారణము తెలియని పక్షవాతము వచ్చి, కంఠధమనిలో సగమునకు లోపు పూడికగల 32 మందిని వారు పరీక్షించిరి. మెదడు దెబ్బతిన్న వైపుననున్న నాళములో, చెదిరిన పూడిక 12 మందికి కనబడెను. రెండవవైపు నాళములో ఒక్కరికిని కనబడలేదు.

ఈ పద్ధతిలోని సొగసును లెక్కలవాడుగ నేను మెచ్చుకొంటిని. ఒక మనిషిని మరియొక మనిషితో పోల్చినచో, ఆతని ఆహారము వేరు, ఈతని పొగాకు వేరు అని వాదింపవచ్చును. కాని ఒకే మనిషిలోని రెండు నాళములకు రక్తపోటు ఒకటే, నెత్తురు ఒకటే, వయస్సు ఒకటే. ఒకే ఇంటి రెండు ఖాతాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటవంటిది. పూడిక నిర్దోషియైనచో రెండువైపుల సమానముగ ఉండవలె. ఒకవైపుననే హెచ్చుగ ఉన్నదన్న, అనుమానింపక తప్పదు.

ఐనను ముప్పది రెండుమంది అనునది చిన్న సంఖ్య. 2020లో జర్మనీలోనే మరికొంత పెద్ద పరిశీలన వెలువడెను. కారణము తెలియని 104 మందిలో, దెబ్బతిన్న వైపు చెదిరిన పూడిక నూటికి 31 మందికి, రెండవవైపు నూటికి 12 మందికి కనబడెను. ఈ రెండవ అంకెను మనము తేలికగ దాటిపోరాదు. ఏ హానియు చేయకుండ ఊరకున్న పూడికలును కలవని అది చెప్పుచున్నది. ముప్పది ఒకటిలో పండ్రెండు తీసివేయగ మిగిలినవి పందొమ్మిది. స్థూలముగ చూచినచో, ఆ అనామతు పద్దులో మెడలో పూడికగలవారిలో అయిదింట ఒక పాలు ఈ ఖాతాకు చేరవచ్చును. తక్కినది ఇంకను వెదకవలసినదే.

వెదకవలసిన చోట్లును కొన్ని తెలిసినవే. గుండె లయ అప్పుడప్పుడు తప్పి, పరీక్ష చేయునాటికి సరిగనుండవచ్చును. దానిని పట్టుటకు దినముల తరబడి, నెలల తరబడి కనిపెట్టవలె. పడుచువారిలో, గుండె గదుల నడుమ పుట్టుకనుండి మూయక మిగిలిన చిన్న రంధ్రము దారి కావచ్చును. గుండెనుండి బయలుదేరు మహాధమని వంపులో పూడిక ఉండవచ్చును. మన దేశమువారిలోను తూర్పు ఆసియావారిలోను పుర్రె లోపలి నాళములు ఇరుకగుట పాశ్చాత్యులలోకంటె హెచ్చు. కనుక మెడలో ఏదో కనబడినదని తక్కిన చోట్లు చూడక మానరాదు.

ఇట్లు పలుచోట్లనుండి వచ్చినవానికన్నిటికి ఒకే మందు పనిచేయునా? చేయునేమోయని పరీక్షించిరి. గుండె లయ తప్పినవారికి నెత్తురు గడ్డకట్టకుండ ఇచ్చు బలమైన మందులు మేలుచేయును. ఆ మందులనే, ఎచ్చటినుండియో తునక కొట్టుకొనివచ్చినట్లున్న, కారణము తెలియని పక్షవాతము వచ్చినవారికి ఇచ్చి, సామాన్యమైన ఆస్పిరినుతో పోల్చిరి. 2018లో ఒక మందు, 2019లో మరియొక మందు, 2024లో మూడవ మందు. మూడు పరీక్షలలోను ఆస్పిరినుకంటె మేలు కనబడలేదు. మొదటిదానిలో రక్తస్రావము హెచ్చెను. పలు మూలములనుండి వచ్చిన సొమ్మును ఒకే సర్దుబాటు పద్దుతో తీర్చబోయినచో ఇట్లే అగును. అందుచేతనే కారణమును వెదకుట పండితుల వినోదము కాదు; రోగికి ఏ మందీయవలెనో దానిపై ఆధారపడియున్నది.

మా అన్నగారిని రెండు నెలల తరువాత నగరములోని ఒక పెద్ద వైద్యునికడకు తీసికొనిపోయితిమి. ఆయన మెడకు ఎం.ఆర్.ఐ. తీయించిరి. ఎడమ నాళపు పూడికలో నెత్తురు ఇంకియున్నది. ఆ వైద్యుడు నాతో అన్న మాట నేటికిని జ్ఞాపకమున్నది. ‘ఇదే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేనండీ. కాని అనుమానించవలసి వస్తే మొదట దీన్నే అనుమానిస్తాను’ అనిరి. అనామతు పద్దు ప్రక్కన పెన్సిలుతో గుర్తు పెట్టినట్లు నాకు తోచెను. సిరాతో వ్రాయుటకు ఇంకను సాక్ష్యము కావలె.

శస్త్రచికిత్స చేయరా యని నేనడిగితిని. ఇరుకు సగమునకు లోపున్నవారికి సామాన్యముగ చేయరనియు, కత్తివలననే పక్షవాతము వచ్చు ప్రమాదము కొంత కలదనియు, ఆ ప్రమాదమునకు ప్రతిగా లాభము ఋజువు కాలేదనియు చెప్పిరి. మరి చేయదగినదేమి? చుట్ట మానుట. రక్తపోటు బిళ్ళలు తల నొచ్చినను నొవ్వకున్నను దినమును తప్పక వేసికొనుట. ఆస్పిరిన్. చెడ్డ కొవ్వును తగ్గించు స్టాటిన్ అను బిళ్ళ. ఈ చివరిదానికి ఆధారమడుగగ ఒక పరీక్షను చెప్పిరి. ఫ్రాన్సు, దక్షిణ కొరియా దేశములలో, నాళములలో పూడికయుండి పక్షవాతమో దాని హెచ్చరికయో వచ్చినవారిని రెండు జట్లుగ చేసిరి. ఒక జట్టులో చెడ్డ కొవ్వును 70కి లోపునకు దించిరి. రెండవ జట్టులో 90, 110 నడుమ ఉంచిరి. 2020లో ఫలితములు అచ్చువేసిరి. మరల పక్షవాతము, గుండెపోటు మొదలగునవి మొదటి జట్టులో నూటికి 8.5, రెండవ జట్టులో 10.9. భేదము చిన్నదిగ కనబడవచ్చును. కాని లెక్కలు వ్రాయువానికి నూటికి ఇంచుమించు రెండున్నర చిన్నది కాదు. ఆ రెండున్నరలో ఎవరి అన్నగారుందురో ఎవరికి తెలియును?

ఇది విని రేపుదయమే అందరును మెడ పరీక్షకు పరుగెత్తవలదు. వయసు మళ్ళినవారిలో అనేకుల నాళములలో కొంత పూడిక ఉండును. చాలమందికి అది ఏ హానియు చేయదు. లక్షణములు లేనివారందరికి మెడ పరీక్ష చేయుటవలన మేలుకంటె అనవసరపు భయము, అనవసరపు చికిత్స హెచ్చునని పెద్దల అభిప్రాయము. పరీక్ష కావలసినది లక్షణము కనబడినవారికి. ఆ లక్షణము కొద్ది నిమిషములే ఉండి పోయినను సరే. నేను ముఖ్యముగ చెప్పదలచినది ఈ మాటయే. కంటికి తెర జారుట, చేయి పట్టుతప్పుట, మాట చెదరుట, ఇవి వచ్చి తమంతట తాము పోయినచో మనము దేవుడు దయచూచెననుకొందుము. అది దయయే, కాని తీరిన బాకీ కాదు, ముందుగ వచ్చిన నోటీసు. తరువాతి కొద్దిదినములలోనే ప్రమాదము హెచ్చు. ఆనాడే ఆసుపత్రికి పోవలె.

లక్షణములు తగిలి పోకున్నచో గడియారము చూడుడు. మూతి వంగినదా, రెండు చేతులెత్తమన్న ఒకటి వాలుచున్నదా, మాట తడబడుచున్నదా? ఒక్కటి ఉన్నను 108కి కబురంపుడు. చివరిసారి మనిషి బాగుగనున్న వేళ ఎప్పుడో కాగితముపై వ్రాసికొనుడు. వైద్యులు మొదట అడుగునది అదియే. మజ్జిగయు, నీళ్ళును పట్టింపవలదు; మ్రింగుట తెలియనిచో అవి ఊపిరితిత్తులలోనికి పోవును. ఆస్పిరినైనను మీ అంతట మీరు ఈయవలదు. లోపల రక్తస్రావమో, మూసికొనుటయో తలను యంత్రముతో చూచినగాని తెలియదు. తలను వెంటనే అట్లు చూడగల ఆసుపత్రికే పోవుడు. పసరుమందు ఊరికి మాత్రము నావలె పోకుడు.

తరువాత, ఇంటికి వచ్చునపుడు కాగితముపై ‘కారణము తెలియలేదు’ అని ఉన్నచో నిరాశపడవలదు, కోపపడవలదు. వినయముగ అడుగుడు. ‘అయ్యా, మెడలో పూడిక ఏమైన ఉన్నదా? ఉన్నచో దెబ్బతిన్న వైపేనా? గుండె లయను ఇంకను కొన్నాళ్ళు కనిపెట్టవలెనా?’ ఈ మూడు ప్రశ్నలు చాలును. ఏ మంచి వైద్యుడును ఇందులకు తప్పుపట్టడు.

మా అన్నగారు ఈ సభలోనే, మొదటి వరుసలో కూర్చుండియున్నారు. కుడికాలు వచ్చెను, చేయి సగము వచ్చెను. మాట అంతగ రాలేదు. నీళ్ళు కావలెనన్న ఇప్పటికిని ఒక్కొక్కప్పుడు చేతితో చూపుదురు. కాని ఒక వింత చెప్పెదను. శనివారమునాడు ఎవరైన ఆయన ప్రక్కన కూర్చుండి, ఆయనకు చిన్ననాటినుండి కంఠస్థమైన పద్యమెత్తుకొన్నచో, రెండవ పాదమునుండి ఆయనయు కలియుదురు. మాటలు తప్పవు. తానుగ మొదలుపెట్టలేరు, అర్థము చెప్పలేరు. పద్యము మాత్రము నడచును. మాటాడు దారి చెడినను పాటకును, పాతపాఠమునకును వేరు దారులు కొంత మిగిలియుండునని వైద్యులు చెప్పిరి. ఈ గ్రంథాలయము ఆయన కిచ్చినదానిలో ఇంకను కొంత ఆయనకడనే ఉన్నదని నేను సంతోషించుచున్నాను.

చివరగ ఒక చిన్న మనవి. రజతోత్సవమునకు నా వంతుగ ఒక రక్తపోటు యంత్రమును గ్రంథాలయమున కిచ్చుచున్నాను. దానితోపాటు ఒక రిజిస్టరు. శనివారము సాయంకాలములందు పుస్తకము తీసికొనుటకు వచ్చినవారు ఒక నిమిషము కూర్చుండి చేయి చాపినచో మన నర్సమ్మగారు చూచెదరు; అంకె వ్రాయుట నా పని. వరుసగ హెచ్చు కనబడినవారిని వైద్యునికడకు పంపుట మనందరి పని. ఇన్నాళ్ళు ఇతరుల జమాఖర్చులు వ్రాసితిని. ఈ ఒక్క రిజిస్టరు మాత్రము మా అన్నగారి కొరకు వ్రాయుదును.